దిమ్మెల మీద బండి

వన్నూరప్ప ఎర్ర కారుకు బేరం కుదిరింది. కుదిరిన రోజు నుంచి అతనికి అన్నం దిగడం లేదు.

బేరం చెడిపోయి ఉంటే ఆ దిగులుకు అర్థం ఉండేది. కానీ అది మంచి బేరం. కొన్నదానికి ఎన్నో రెట్లు. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే అనిరుధ్ అనే ఆయన ఫొటోలు చూసే సరేనన్నాడు. ఆదివారం పొద్దున వచ్చి, బండిని కళ్లారా చూసుకుని, అదే రోజు లారీ మీద ఎక్కించుకుపోతానన్నాడు. ఇంకొకడైతే ఈ పాటికి వీధంతా మిఠాయి పంచేవాడు. వన్నూరప్ప మాత్రం ముద్ద కలిపి, కంచం వైపు చూసి, చెయ్యి కడిగేసుకుంటున్నాడు.

అతనిది తాడిపత్రిలో బండల వ్యాపారం. నాపబండలు కోయించి, పాలిషు పట్టించి, దేశం మీదికి పంపుతాడు. అది కడుపు నింపే పని. మనసు నింపే పని వేరే ఉంది. ఊరి చివర మూతపడిన వేరుశనగ నూనె మిల్లు ఒకటి బాడుగకు తీసుకుని, అందులో పాత కార్లు దాచేవాడు.

పాత కార్లంటే తాతల కాలంనాటి పెద్ద బోనెట్ల బండ్లు కావు. అవి రాజులకు, జమీందార్లకు చెల్లు. వన్నూరప్ప కొనేవి పాతికేళ్ల కిందటివి. చూడటానికి మామూలుగా ఉండి, తొక్కితే గాలిని చీల్చుకుని పోయే రకం. కంపెనీవాళ్లు కొద్దిగానే చేసి, అమ్ముడుపోక ఆపేసినవి. ఈ కిటుకు ఎవరికైనా చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగిపోయేది.

"కొత్త కారు షోరూము గడప దాటితే చాలప్పా, ధర జారుడుబండ ఎక్కినట్టే. ఏటేటా జారతాది. కడాకు నేలకు తగుల్తాది. తుక్కు కింద కూడా ఎవరూ అడగరు. అప్పుడు కొనల్ల. ఎందుకో తెల్సునా? ఈ కార్లు వచ్చినప్పుడు కాలేజీ గోడల మీద కూర్చుని నోరు తెరుచుకుని చూసినోళ్లు ఉండారే, వాళ్లకు అప్పుడు బస్సు పాసుకే డబ్బుల్లేవు. ఇప్పుడు బట్టతలా వచ్చింది, డబ్బూ వచ్చింది. కోరిక మాత్రం అట్లే ఉండాది. అందరూ భూమి మీద పెడతారు. నేను కోరిక మీద పెడతా."

మాట అబద్ధం కాదు. అందులో మోసమూ లేదు. అయితే ఆ వ్యాపారానికి నియమాలు ఉన్నాయి. కంపెనీ వేసిన రంగు పోకూడదు. ఎవరూ కెలికి ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బండి తిరిగి ఉండకూడదు. మీటరు ఎంత తక్కువ చూపిస్తే ధర అంత ఎక్కువ. అందుకని వన్నూరప్ప ఏ కారు కొన్నా మిల్లులోకి తెచ్చి, టైర్లు అణగకుండా చెక్క దిమ్మెల మీదికి ఎత్తించేవాడు. బ్యాటరీ తీగలు ఊడబెరికేవాడు. నూనె మిల్లు కాబట్టి ఎలుకలకు కరువు లేదు. అవి వైర్లు కొరక్కుండా సీట్ల కింద కలరా ఉండలు వేసేవాడు. పైన దుప్పటి కప్పేవాడు. "చక్రం తిరిగితే ధర తింటాది" అనేది అతని మంత్రం.

అట్లా దిమ్మెల మీద నిలబెట్టిన మొదటి బండి ఆ ఎర్ర కారే. పొట్టిది, ముక్కు మొండిది. లోపల మాత్రం పెద్ద కారు ఇంజను. బళ్లారిలో ఒక డాక్టరు ముచ్చటపడి కొని, నడపడానికి తీరిక లేక, షెడ్డులో పెట్టి మరిచిపోయిన బండి.

ఆ బండి మీద వన్నూరప్ప అన్నకు మనసు పడింది. అక్కడ వచ్చింది చిక్కు.

అన్న పేరు పక్కీరప్ప. తల్లీతండ్రీ ముందే పోతే తమ్ముణ్ణి సాకినవాడు. లారీ డ్రైవరు. బండలు వేసుకుని కర్నూలు దాటి, హైదరాబాదు దాటి, ఎక్కడెక్కడికో పోయేవాడు. తమ్ముడు కూడా స్టీరింగు పడతానంటే చెంప పగలగొట్టి బడికి పంపాడు. వన్నూరప్ప మొదటి పాలిషు మిషను కొన్నప్పుడు దాని వెనక ఉన్నది అన్న నిద్ర లేని కళ్లే. ఆ సంగతి వన్నూరప్ప ఎప్పుడూ మరవలేదు. నలుగురిలో చెప్పుకునేవాడు కూడా. అన్న నడుము పట్టేసి లారీ దిగిపోయాక ఇంటి ఖర్చు తనే చూసుకున్నాడు. ఏ పండక్కీ బట్టలు తప్పించలేదు. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు.

ఒకరోజు పక్కీరప్ప మిల్లుకు వచ్చి, దుప్పటి ఎత్తి, ఎర్ర కారు చుట్టూ తిరిగి చూశాడు.

"వన్నూరా, ఇది రోడ్డు మీద నన్ను శానాసార్లు దాటిపోయిందిరా" అన్నాడు నవ్వుతూ. "దీని జాతే. జుమ్మని పోయేది. ముప్పై ఏండ్లు తోలినా గానీ నేను ఒక్క బండిని దాటింది లేదు. ఎద్దులబండిని దాటింటా. బండలేసుకున్న లారీ ఇంగ దేన్ని దాటుతాది? కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, పో నాయనా పో అని అందరికీ దారిచ్చేదే నా బతుకైపోయ. దీంట్లో ఒక్కసారి గుత్తి దాకా పోయొస్తా. ఒక్క బస్సునన్నా దాటి చూస్తా."

"టైర్లు గట్టిపడినాయి అన్నా. మార్చినాక పోదువు" అన్నాడు వన్నూరప్ప.

కొన్నాళ్లకు అన్న మళ్లీ అడిగాడు. "ఉగాది దాటనీ అన్నా. ధర బాగా లేస్తా ఉండాది. ఇప్పుడు తిప్పితే మీటరు పెరుగుతాది" అన్నాడు వన్నూరప్ప.

అన్న తల ఊపాడు. వ్యాపారం గురించి అతనికి తెలియదు. తమ్ముడికి తెలుసు కదా అని ఊరుకున్నాడు.

మూడోసారి అడిగిన నాడు మిల్లులో హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు ఉన్నారు. వాళ్లదీ ఇదే పిచ్చి. కార్లు చూసి మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు వన్నూరప్ప తలకు కొంచెం ఎక్కింది. సరిగ్గా అప్పుడే పక్కీరప్ప వచ్చి, భుజం మీది తువ్వాలుతో బోనెట్టు మీద దుమ్ము తుడుస్తూ, "ఏమిరా, ఈ పొద్దన్నా బండి బీగంచెవి ఇస్తావా?" అన్నాడు.

వన్నూరప్ప ఆ ఇద్దరి వైపు తిరిగి, "మా అన్నకు ఇస్తే ఇంగేముండాది సార్! గేరు కర్ర ఊడి చేతికొస్తాది. లారీ గేరు గుద్దినట్టు గుద్దుతాడు" అన్నాడు.

వాళ్లు నవ్వారు. వన్నూరప్ప నవ్వాడు. పక్కీరప్ప కూడా నవ్వాడు. "అవును సార్, నిజమే. మోటు చెయ్యి" అన్నాడు. తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. ఆ తర్వాత బతికున్నంత కాలం కారు మాట ఎత్తలేదు.

నవ్వుతాలకన్న మాటే. అన్నదమ్ముల మధ్య ఇంతకంటే పెద్ద మాటలు వస్తుంటాయి, పోతుంటాయి. ఇది మాత్రం పోలేదు.

చలికాలంలో ఒక పొద్దున పక్కీరప్ప అరుగు మీద కూర్చుని టీ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ పొద్దు వన్నూరప్ప కోయంబత్తూరులో ఉన్నాడు, ఇంకో కారు చూడటానికి పోయి. వార్త విని, దొరికిన బస్సు ఎక్కి, బస్సులు మారి మారి వచ్చాడు. ఊరు చేరేసరికి అన్నను మోసుకుపోయే జనాజా లేవడానికి సిద్ధంగా ఉంది. చెప్పులు విడిచి, పోయి భుజం పట్టాడు. దారి పొడుగునా ఎంతమంది మార్చుకోవడానికి వచ్చినా ఆ భుజం వదల్లేదు.

నలభయ్యో దినం ఫాతెహా చదివించి, బంధువులంతా తిని వెళ్లిపోయాక, వదిన మాబున్ని గిన్నెలు సర్దుతూ అతనితో ఒక మాట అంది. "మీ అన్న నిన్ను ఒక్క మాట అనలా వన్నూరా. ఇంట్లో నా దగ్గర గూడా అనలా."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. మరిదిని ఓదార్చడానికే అంది. అయినా వన్నూరప్ప ఆమె వైపు చూడలేక చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఆ వారంలోనే ఎర్ర కారుకు బేరం వచ్చింది.

గురువారం నాడు చక్కెర పొట్లం పట్టుకుని వన్నూరప్ప దర్గాకు పోయాడు. ఊరికి పడమట గుట్ట పక్కన చిన్న దర్గా. దాన్ని చూసుకునే బుడన్ సామి దగ్గరే అన్నదమ్ములిద్దరూ వయసులో ఉన్నప్పుడు చెయ్యి అందుకున్నారు, అంటే శిష్యులయ్యారు. సామి బాగా ముసలివాడు. మోకాళ్లు వంగవు. మాట పొదుపు. దగ్గరకు వచ్చినవాళ్లకు బోధలు చేసే అలవాటు లేదు. ఏదన్నా పని చెబుతాడు, లేకపోతే టీ ఇస్తాడు. కొందరికి అది చాలేది కాదు, వేరే గురువును వెతుక్కునేవారు.

వన్నూరప్ప పోయేసరికి సామి వేపాకు ఊడుస్తున్నాడు. చక్కెర తీసుకుని, పక్కీరప్ప పేరు మీద చదివి, నాలుగు పలుకులు అతని చేతిలో పోసి, మళ్లీ చీపురు పట్టుకున్నాడు.

వన్నూరప్ప గోడ వారన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. బేరం సంగతి చెప్పాడు. ఆ డబ్బుతో అన్న గోరీకి నల్లరాతితో మంచి కట్టడం కట్టిస్తానన్నాడు. చుట్టూ తానే పాలిషు పట్టిన బండలు పరిపిస్తానన్నాడు. వదినకు లోటు రానివ్వనన్నాడు.

సామి ఊడుస్తూనే ఉన్నాడు.

"అన్న ఆ బండి తోలతానని అడిగినాడు సామీ. నిజమే. నేను ఇయ్యలా. అయితే దాంట్లో ఒక లెక్క ఉండాది. తిప్పితే ధర పోతాది. దాచింది నా ఒక్కడి కోసరమా? అందరి కోసరం గదా. అన్నకు గూడా అర్థమాయ. టైర్లు గూడా బాగలేకపోయ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగని వాటన్నిటికీ జవాబులు చెప్పాడు. హైదరాబాదువాళ్ల ముందు తాను ఆడిన ఎగతాళి మాట మాత్రం చెప్పలేదు. అది నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది.

"నా తప్పేమన్నా ఉండాదా సామీ?"

అతనికి కావలసింది ఒక్క మాట. లేదప్పా, నీ తప్పేమీ లేదు. సామి నోటి వెంట ఆ మాట వస్తే చాలు, ఇంటికి పోయి కడుపు నిండా తిందామని వచ్చాడు.

సామి చీపురు గోడకు ఆనించాడు. "ఆ కొనేటాయన ఎందుకు కొంటాండాడు?"

"చిన్నప్పటి కోరికంట సామీ. కాలేజీలో ఉన్నప్పుడు చూసి కొనలేకపోయినాడంట."

"అయితే ఇప్పుడు తోలుకుంటాడు."

"తోలడు సామీ. ఆయన గూడా దాచుకుంటాడు. ఇంకా పైకి పోతాది ధర."

సామి కాసేపు అతని ముఖంలోకి చూశాడు. "బండి నేను చూడలా. చూడకుండా ఎట్ల చెప్పేది? ఆదివారం వస్తా."

ఆదివారం పొద్దున్నే వన్నూరప్ప మిల్లు తలుపులు తెరిచాడు. బేరగాడు రావడానికి ఇంకా పొద్దుంది. ఎర్ర కారు మీద దుప్పటి తీసి మడిచాడు. బ్యాటరీ తగిలించాలి, జాకీ పెట్టి దిమ్మెల మీద నుంచి దించాలి. పానా చేతిలోకి తీసుకున్నాడు గానీ బోనెట్టు ఎత్తబుద్ధి కాలేదు. రెండుసార్లు ఎత్తబోయి ఊరుకున్నాడు. అంతలో సామి వచ్చాడు, షేర్ ఆటోలో, కూరగాయల బుట్టల మధ్య కూర్చుని.

సామి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కర్రతో ఒక చక్రాన్ని తట్టాడు. గాల్లో ఉన్న చక్రం మెల్లగా కాస్త తిరిగి ఆగింది. "కూర్చుందాం" అన్నాడు.

వన్నూరప్ప వెనక తలుపు తీశాడు. సామి చెప్పులు కింద విడిచి, వంగని మోకాళ్లను చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, కష్టం మీద వెనక సీట్లో కూర్చున్నాడు. సామి చెప్పులు విడిచినందుకు వన్నూరప్పకు లోలోపల హాయనిపించింది, కింద పరిచిన కార్పెట్టు మాసిపోదు కదా అని. ఆ సంతోషానికి వెంటనే సిగ్గుపడ్డాడు. అలవాటు అట్లాంటిది. మనిషి దుఃఖంలో ఉన్నా అది తన పని తాను చేసుకుపోతుంది.

అతను ముందు వైపు వచ్చి డ్రైవరు తలుపు తెరవబోయాడు.

"ఆడ కాదు" అన్నాడు సామి లోపలి నుంచి. "అది మీ అన్న తావు. నువ్వు పక్కకు రా."

వన్నూరప్ప చెయ్యి తలుపు మీద అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా చుట్టూ తిరిగి వచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. లోపల కలరా ఉండల వాసన. అతని కుడి పక్కన ఖాళీ సీటు, దాని ముందు ఎవరి చెయ్యీ సరిగా పడని స్టీరింగు. ఎదురుగా అద్దంలోంచి మిల్లు గోడ, దాని మీద పాత నూనె మరకలు.

బయట ఎక్కడో బండలు కోసే రంపం మోత.

"ఏ ఊరొచ్చిందప్పా?" అన్నాడు సామి.

వన్నూరప్ప వెనక్కి తిరిగి చూశాడు. "ఊరా? మిల్లే సామీ."

"ఊ."

కాసేపయ్యాక మళ్లీ, బస్సులో కునుకు తీసి లేచినవాడిలా, "ఏ ఊరొచ్చింది?" అన్నాడు.

పెద్దాయనకు మతి తప్పుతోందా అని వన్నూరప్పకు భయం వేసింది. "సామీ, బండి దిమ్మెల మీద ఉండాది. చక్రాలు నేలకు ఆనలేదు. యాడికి పోతాది?"

"మీ అన్న ఎక్కినాడు గదా."

వన్నూరప్ప ఖాళీ సీటు వైపు చూశాడు.

"వెనక కూర్చున్నోనికి ముందర ఏం కనపడతాదప్పా? నాకు కండ్లు గూడా ఆనవు. నువ్వు ముందరుండావు. నువ్వు చెప్పల్ల."

వన్నూరప్ప ముందుకు తిరిగాడు. చిన్నప్పుడు బడి సెలవుల్లో అన్న లారీలో ఇదే పక్కన, ఇట్లాగే కూర్చుని పోయేవాడు. డ్రైవరుకు కునుకు రాకుండా మాట్లాడించడం క్లీనరు పని. ఏం మాట్లాడాలో తెలియని వయసు. కంటికి ఏది కనిపిస్తే అది చెబుతూ పోయేవాడు. అన్నా గేదెలు, అన్నా పెండ్లి బస్సు, అన్నా ఈడ వాన పడింది. అన్న రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా ఊ కొట్టేవాడు.

అతను అద్దంలోంచి గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "బండల ఫ్యాక్టరీలు దాటినాం సామీ."

"ఊ."

"రోడ్డుకు రెండు పక్కలా తెల్ల దుమ్ము. చెట్లన్నీ తెల్లగుండాయి." ఆగాడు. "రైలు గేటు వచ్చింది. గేటు వేసినారు."

"ఆపినాడా?"

"ఆపినాడు. గంపెత్తుకుని జామకాయలామె వచ్చింది. అన్న బేరం చేస్తాండాడు. ఉప్పుకారం బాగా పెట్టమంటాండాడు." వన్నూరప్ప పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది. "వదినకు గూడా రెండు కట్టించుకున్నాడు."

"రైలు పోయిందా?"

"గూడ్సు బండి సామీ. పొడుగుండాది. ఆ... పోయింది. గేటు ఎత్తినారు."

"గేరు వేసినాడా?"

"వేసినాడు."

సామి వెనక నుంచి కొంచెం ముందుకు వంగాడు. "నాకు చప్పుడు వినపడలేదే?"

వన్నూరప్ప కుడి పక్కకు చూశాడు. గేరు కర్ర, దాని మీద ఇంకా కంపెనీ వేసిన పాలిథిన్ తొడుగు. దాన్ని విప్పితే ధర తగ్గుతుందని అట్లాగే ఉంచాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా బిగించాడు. జనాజా మోసినప్పుడు, మట్టి వేసినప్పుడు, నలభయ్యో దినం నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"వినపడదు సామీ" అన్నాడు. "మెత్తగా వేసినాడు. మా అన్న శానా మెత్తగా వేస్తాడు."

సామి అతన్ని ఏడవనిచ్చాడు. వెనక సీటు నుంచి భుజం మీద చెయ్యి కూడా వేయలేదు. కొంతసేపటికి మాత్రం, దారిన పోయే మనిషి అడిగినట్టే అడిగాడు.

"ఇప్పుడు ఏ ఊరు?"

వన్నూరప్ప చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "రాయలచెరువు దాటినాం. రోడ్డు తిన్నగా ఉండాది సామీ. ఎండ ఎక్కింది. అన్న అద్దం దించుకున్నాడు." గొంతు సవరించుకున్నాడు. "ముందర ఒక లారీ పోతాంది. నిండా బండలు. మెల్లగా పోతాంది సామీ, పాపం. మిట్ట ఎక్కలేకుండాది."

"మీ అన్న ఏం చేస్తాండాడు?"

"దాని వెనకే పోతాండాడు. దాటేదానికి అలవాటు లేదు గదా. చూస్తాండాడు." వన్నూరప్ప సీట్లో ముందుకు జరిగాడు. అతని కళ్లు నూనె మరకల గోడ మీదే ఉన్నాయి. "లారీ ఆయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టినాడు సామీ. ఊపుతాండాడు. పొమ్మంటాండాడు."

"ఊ."

"అన్నా, పోన్నా" అన్నాడు వన్నూరప్ప, సామితో కాదు. "ఎదర ఎవరూ రావడంలే. పోన్నా. నేను చూస్తాండా గదా."

బయట రంపం మోత ఆగింది.

"దాటినాడా?"

"దాటినాడు సామీ." అన్నాడు వన్నూరప్ప. "ఒకటే ఊపులో దాటినాడు. తిరిగి చూసి ఆ లారీ ఆయనకు చెయ్యెత్తినాడు. నవ్వుతాండాడు."

అప్పటికే మిల్లు వాకిట్లో ఒక అద్దె కారు వచ్చి ఆగింది. అందులోంచి అనిరుధ్ దిగాడు. నలభై దాటిన మనిషి, టోపీ పెట్టుకున్నాడు, చేతిలో టార్చిలైటు, రంగు మందం కొలిచే చిన్న మిషను. ఎన్నో ఏళ్లుగా ఫొటోల్లో చూసుకుంటున్న బండిని ఎదురుగా చూసి గుమ్మంలోనే ఒక క్షణం నిలబడిపోయాడు. ఆ తర్వాత లోపల మనుషులు ఉండటం గమనించాడు. బండి దిమ్మెల మీద ఉంది. డ్రైవరు సీటు ఖాళీ. మిగతా ఇద్దరూ రోడ్డు మీద పోతున్నట్టు ముందుకే చూస్తున్నారు.

దగ్గరకు వచ్చి ఎడమ పక్క అద్దం మీద వేలితో తట్టాడు. వన్నూరప్పకు వినపడలేదు. మళ్లీ తట్టాడు. వన్నూరప్ప ఉలిక్కిపడి అద్దం దించే మీట నొక్కాడు. బ్యాటరీ లేదు, అద్దం దిగలేదు. తలుపు కొంచెం తెరిచాడు.

"నమస్తే సార్. నేను అనిరుధ్‌ని, బెంగుళూరు నుంచి. బండి చూద్దామా?"

వన్నూరప్ప ముఖమంతా తడి. తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"కొంచెం ఆగండి సార్" అన్నాడు. "మా అన్న తోలుతాండాడు. ముందర బస్సుండాది."

అనిరుధ్ ఖాళీ సీటు వైపు చూశాడు. తర్వాత వెనక కూర్చున్న ముసలాయన వైపు చూశాడు.

"తలుపెయ్యి నాయనా" అన్నాడు బుడన్ సామి. "దుమ్ము లోపలికొస్తాంది."